ఒకే తీగకు గుచ్చిన ఉత్తరాలు: బాదేపల్లి ప్రాజెక్టు డైరీ

మార్చి, రెండో వారం

బాదేపల్లి పాత బజారులో ఒక ఆడతి దుకాణం (కమీషన్ మీద సరుకు కొని అమ్మే దుకాణం) కాగితాలు కాపాడే పని ఈ వారం మొదలుపెట్టాం. దుకాణం మూతపడి చాలా ఏళ్లయింది. దాన్ని నడిపిన ఆయన్ని ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పెద్ద సేటు అనే అంటారు. 1930ల నుంచి 60ల మొదటిదాకా ఆముదాలు, పల్లికాయలు కొని జడ్చర్ల స్టేషన్‌లో రైలుకెత్తించిన వ్యాపారి. పాలమూరు పల్లెల్లో ఎక్కడ శాసనం రాయి ఉందని తెలిసినా వెళ్లి, చదివి, మసిప్రతి (రాతి మీద తడి కాగితం ఒత్తి, మసి అద్ది తీసే నకలు) తీసి హైదరాబాద్ పండితులకి పంపింది కూడా ఆయనే. పెద్ద చదువులేం చదవలేదు. పాత లిపి సొంతంగా నేర్చుకున్నారు.

పనిలో ఉన్నది ముగ్గురం. డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని నేను, చరిత్రలో పీజీ చేస్తున్న ఇద్దరు విద్యార్థులు. పెద్ద సేటు పేరు ఇక్కడ రాయడం లేదు. కట్టల్లో ప్రామిసరీ నోట్లున్నాయి, తాకట్టు చీటీలున్నాయి. అప్పులు తీసుకున్నవాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. వాటి సంగతి ఒక కొలిక్కి వచ్చేదాకా ఇంటిపేరు బయటపెట్టొద్దని ఇంటివాళ్లు కోరారు. న్యాయమైన మాట.

ఇంట్లో అడుగుపెట్టగానే అసలు సమస్య తెలిసింది. మనవడు ఎంతో మర్యాదగానే చెప్పాడు: “సార్, మా తాత చదువు కాయితాలు ఏవున్నయో అవి మీరు తీస్కపోండ్రి. దుకాణం కాయితాలు మాత్రం తూకానికేస్తం. రెండు తరాల నుంచి అటక మీద అవే ఉన్నయి.”

ఆయన్ని తప్పుపట్టలేను. అటక నిండా గోనె సంచుల్లో కాగితం. ఇల్లు మరమ్మతు చేయించుకోవాలి. కానీ ఒక మనిషి ఉత్తరాలని వ్యాపారం ఒకవైపు, చదువు ఒకవైపు అని చీల్చేస్తే మిగిలేది సగం మనిషి. ఆ మాట ఊరికే అంటే సరిపోదు, కాగితాల్లోంచి చూపించాలి. దసరా దాకా దేన్నీ అమ్మొద్దని అడిగాను. లోపలి గదిలోంచి అవ్వ, అంటే పెద్ద సేటు కోడలు, “ఇన్నేండ్లు ఉన్నయి, ఇంకో ఆర్నెల్లు ఉంటే ఏమైతదిరా” అంది. దాంతో గడువు దొరికింది.

మార్చి, నెలాఖరు

అటక మీది సంచులన్నీ కిందికి దించాం. దించకముందే ఏ సంచి ఏ మూల ఉందో, దేని కింద ఏముందో ఫోన్‌తో ఫొటోలు తీసి, సంచులకి చీటీలు కట్టాం. పాత కాగితాలతో పని చేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదే. దొరికిన క్రమాన్ని చెదరగొట్టకూడదు. చెదిరిన క్రమాన్ని మళ్లీ ఎవరూ కూర్చలేరు, కాగితాలు రాసిన మనిషే లేచి వచ్చినా సరే.

ఎర్ర గుడ్డ అట్టల ఖాతా పుస్తకాలు ఒక పెట్టెలో ఉన్నాయి: చిట్టాలు (రోజువారీ లెక్కలు), ఆవర్జాలు (పద్దుల వారీ లెక్కలు). ఇంకో పెట్టెలో మడతపెట్టిన మసిప్రతులు. మిగతా సంచులన్నిటిలో తీగ కట్టలు.

పాత దుకాణాలు చూసినవాళ్లకి ఈ తీగ తెలుసు. అడుగున గుండ్రటి చెక్కబిళ్ల, దాంట్లోంచి పైకి లేచిన ఇనుప తీగ, కొసన కొక్కెం. వచ్చిన ఉత్తరం, రశీదు, తంతి (టెలిగ్రాం), ఏదైనా చదవగానే తీగకి గుచ్చేస్తారు. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. తీగ నిండితే గూటికి తగిలించి కొత్త తీగ మొదలుపెడతారు. పెద్ద సేటు దుకాణంలో పదకొండు తీగలు దొరికాయి.

మొదటి తీగని పక్కనుంచి చూశాం. తీయకుండానే అంచులు కనబడుతున్నాయి. గోధుమరంగు బిల్టీ (రైలు సరుకు రశీదు) నకళ్లు, వాటి నడుమ పోస్టుకార్డు, దాని మీద ఎర్ర గీతల తంతి కాగితం, మళ్లీ ఒక కవరు. ఆ కవరు మీద హైదరాబాద్ ముద్ర, లోపల సన్నని అక్షరాలతో నాలుగు పుటల ఉత్తరం. అది శాసనం గురించే. ఆయన రెండు తీగలు పెట్టుకోలేదు. బొంబాయి ఆముదాల ధర, చాళుక్యుల శాసనం పాఠం రెండూ ఒకే తీగకెక్కాయి. ఆ పూటే నా పద్ధతి ఖాయమైంది. విషయాన్ని బట్టి విడదీయం. తీగ ఎలా ఉందో అలాగే, ఒకటి నుంచి చివరిదాకా వరస నంబర్లు.

ఏప్రిల్

పురుగు పని. చెదలు పట్టిన సంచులు రెండున్నాయి. అంచు దాటి లోపలికి పోలేదు గానీ, మిగతా కట్టల్లో వెండి పురుగు బాగా ఉంది. జిగురు ఉన్నచోట, అంటే కవర్ల మూతల దగ్గర, కాగితాన్ని పైపైన గీకి తింటుంది. మందులు కొట్టే ఆలోచన మొదటే వద్దనుకున్నాం. ఆ మందు కాగితంలో మిగిలిపోతుంది, తర్వాత ముట్టుకున్న ప్రతివాడి ఒంట్లోకీ పోతుంది.

చలిలో పెట్టడమే మంచి మార్గం. ఒక్కో తీగని చుట్టూ తెల్ల కాగితం చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి నొక్కి తీసేసి, టేపుతో మూతి బిగించాం. బస్టాండు దగ్గర ఐస్‌క్రీమ్ దుకాణం నడిపే ఆయన ఒక డీప్ ఫ్రీజర్ ఖాళీ చేసి ఇచ్చాడు. సున్నాకి 20 డిగ్రీలు దిగువన రెండు వారాలు ఉంచితే పురుగూ చస్తుంది, గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే బయటి తేమ చల్లటి కాగితం మీద నీరై దిగుతుంది. ఎండాకాలం వ్యాపారం జోరుగా ఉన్నప్పుడు ఫ్రీజర్ ఇచ్చి, రూపాయి కూడా తీసుకోలేదు ఆయన. చిన్నప్పుడు పెద్ద సేటు కట్టించిన బడిలో చదువుకున్నాడట.

అవ్వ ఏటేటా కట్టల మధ్య వేపాకు పెట్టేదట. పురుగుని కొంత ఆపే ఉంటుంది. పచ్చి ఆకు పెట్టిన చోట్ల మాత్రం ఆకు ఆకారంలోనే గోధుమరంగు మచ్చలు పడ్డాయి. ఆకులన్నీ ఏరేశాం.

దుమ్ము దులపడానికి పెయింటు దుకాణంలో దొరికే వెడల్పాటి మెత్తటి బ్రష్ సరిపోతుంది. మడత నుంచి బయటికి, ఒకే దిక్కుకి. బూజు ఉన్నచోట ఎన్95 మాస్క్ లేకుండా పని చేయనివ్వడం లేదు. చేతికి గ్లౌజులు వాడటం లేదు. చాలామంది అడుగుతున్నారు. గ్లౌజు వేసుకుంటే వేళ్లకి కాగితం అంచు తెలియదు, పెళుసు కాగితం చిరుగుతుంది. సబ్బుతో కడిగి బాగా ఆరిన చెయ్యే మేలు.

మే

ఎండలు మండుతున్నాయి. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టాం. మధ్యాహ్నం 20 శాతానికి పడిపోతోంది. అంత పొడిలో పాత కాగితం అప్పడంలా విరుగుతుంది. అందుకని తీగలు విప్పే పని పొద్దున్నే పెట్టుకున్నాం.

తీగ విప్పడం గురించి కాస్త వివరంగా రాస్తాను. ఇలాంటి కట్టలు మన జిల్లాలో చాలా ఇళ్లలో ఉండి ఉంటాయి. ఉత్తరాన్ని తీగ మీదుగా పైకి లాగితే తుప్పు రంధ్రాన్ని కొరుకుతుంది, కాగితం చీలుతుంది. మేం చేస్తున్నది ఇది. తీగని అడ్డంగా పడుకోబెట్టి, పై నాలుగైదు కాగితాలని ఒకచోటికి మెల్లగా జరిపి, వాటి కింద కనబడే తీగ ముక్క దగ్గర కటింగ్ ప్లేయర్‌తో తుంచుతాం. అప్పుడు చేతికి చిన్న తీగ ముక్కతో నాలుగు కాగితాలు వస్తాయి. ఆ ముక్కని కాగితాల్లోంచి లాగడం సులువు. తుప్పు అంటుకున్న చోట సన్నని వెదురు పుల్లతో చుట్టూ వదులు చేసి, ఆ తర్వాతే లాగుతాం. ప్రతి కాగితం వెనక, అడుగు మూలన, మెత్తటి 2బి పెన్సిల్‌తో తీగ నంబరు, వరస నంబరు వేస్తాం. పెన్ను గదిలోకే రానివ్వం. రంధ్రాలు పూడ్చం. ఏది దేని తర్వాత వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

సిరాలు మూడు రకాలు కనబడ్డాయి. మసితో చేసిన నల్ల సిరా ఇప్పటికీ నిగనిగలాడుతోంది. దానికి భయం లేదు. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన సిరా గోధుమరంగుకి తిరిగింది. అందులోని ఇనుము, ఆమ్లం కలిసి కాగితాన్ని లోపల్నుంచి తింటాయి. గట్టిగా ఒత్తి రాసిన చోట అక్షరం ఆకారంలో కాగితం ఊడిపోయింది. ఈ ఉత్తరాలకి నీటి తడి తగలనివ్వకూడదు, ఎక్కువసార్లు మడవకూడదు. మూడోది ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్. దుకాణం గుమస్తాలు చెరిగిపోకుండా ఉంటుందని దాంతోనే రాసేవాళ్లు. పొడిగా ఉంటే బూడిదరంగు, తడి తగిలితే ఊదా సిరాలా పాకుతుంది. తూకం చీటీలన్నీ దీంతో రాసినవే.

బిగుసుకుపోయిన మడతల్ని విప్పడానికి తేమ పెట్టె చేసుకున్నాం. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు, అడుగున తడిపి పిండిన గుడ్డ, దాని పైన ఎత్తుగా జాలీ, జాలీ మీద ఉత్తరం. కొన్ని గంటల్లో కాగితం మెత్తబడి తనంతట తానే తెరుచుకుంటుంది. తర్వాత అద్దుడు కాగితాల నడుమ పెట్టి బరువు వేస్తే చదునవుతుంది. కరక్కాయ సిరా ఉత్తరాలు, కాపీయింగ్ పెన్సిల్ చీటీలు మాత్రం దీంట్లో పెట్టం. వాటిని పొడిగానే, ఎంత విప్పుకుంటే అంతే.

చిరిగినచోట్ల జపాన్ టిష్యూ కాగితం, గోధుమ పిండిలోని గంజి తీసి కాచిన జిగురు. అవసరమైతే తడి గుడ్డతో తీసేయగలిగే అతుకు అది. ఎప్పుడో ఎవరో కొన్ని మంచి ఉత్తరాలని ఏరి లామినేషన్ చేయించారు. ప్రేమతోనే చేయించి ఉంటారు. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి దిగింది, విడదీయలేం. వాటిని అలాగే ఫొటో తీసి పెట్టాం.

జూన్

చదవడం మొదలైంది. ఇక్కడ పని నెమ్మదించింది, కానీ నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

వ్యాపారపు తెలుగు ఉత్తరాలు ఎక్కువగా గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరం వెంట అక్షరం, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా. కరణాల రాత చదివిన ఒక రిటైర్డు పట్వారి గారు వారానికి రెండు పూటలు వచ్చి కూర్చుంటున్నారు. మా విద్యార్థులు ఆయన్ని పెద్దనాయినా అని పిలుస్తారు. ఆయన వేలు పెట్టి వరస వెంట జరుపుతూ చదువుతుంటే వాళ్లు రాసుకుంటున్నారు. పాత తెలుగు అంకెలు, భిన్నాలు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. వీసాలకి అవే గీతలు అడ్డంగా. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. అందుకే పట్టికలో చిట్టాలో ఉన్నది ఉన్నట్టే టైపు చేయగలుగుతున్నాం.

కరోడ్‌గిరి (సరుకు సుంకం) రశీదులు, కచేరీ కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. వాటికి ఒక ఉర్దూ టీచరమ్మ సాయం చేస్తున్నారు. బొంబాయి వ్యాపారుల ఉత్తరాలు కొన్ని ఇంగ్లీషు, కొన్ని గుజరాతీ. కొన్ని మహాజనీ లిపిలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు వదిలేసి హల్లులు మాత్రమే రాసే రాత అది. వ్యాపారంలో ఉన్నవాళ్లకే అర్థమయ్యేది. అవి ప్రస్తుతానికి నంబర్లు వేసి పక్కన పెట్టాం.

తేదీలు పెద్ద పరీక్ష. సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో అది అక్టోబరు మొదటి వారంలో ఆజూరు నెలతో మొదలవుతుంది. ఆజూరు, దాని తర్వాతి దై నెలలతో మొదలై డిసెంబరు చివరిదాకా పడే తేదీల్లో ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జనవరి ఒకటి నుంచి 591 కలపాలి. పండితుల ఉత్తరాల మీద ప్రభవాది సంవత్సరం, మాసం, తిథి. బొంబాయి వాళ్లవి ఇంగ్లీషు తేదీలు. మూడూ ఒకే తీగ మీద. పట్టికలో మూడు గడులు పెట్టాం. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, లెక్క కట్టిన ఇంగ్లీషు తేదీ, ఆ లెక్క ఎంత నమ్మకమో. మొదటి గడి ఎప్పటికీ మార్చం.

డబ్బు లెక్కలూ రెండు రకాలు. ఊళ్లో హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం. బొంబాయితో కల్దారు, అంటే బ్రిటిష్ రూపాయి. నూరు కల్దార్లకి సుమారు 116 హాలీ రూపాయలు. అది గమనించకుండా ధరలు పోలిస్తే మొత్తం తారుమారు. ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థానం ఆముదానికి పేరు, అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలదే పెద్ద వాటా. ఈ తీగల్లో ఏళ్ల తరబడి వరసగా ధరలు దొరుకుతున్నాయి. మన జిల్లా రైతు చేతికి ఎంతొచ్చింది, బొంబాయిలో ఎంత పలికింది అనేది పక్కపక్కనే పెట్టి చూడొచ్చు. తూకానికేస్తే ఈ లెక్క ఇంకెక్కడా దొరకదు.

జూలై

ఈ నెలలో దొరికినదాని గురించి రాయాలని చేతులు ఆగడం లేదు.

మూడో తీగలో ఒక పోస్టుకార్డు. హైదరాబాద్‌లోని ఒక పండితుడు రాసింది. బూదపురం శాసనంలో ఒకచోట అక్షరం ప్రతిలో సరిగా పడలేదని, మళ్లీ పోయి వేలితో తడిమి, పొద్దుటి ఏటవాలు వెలుతురులో చూసి చెప్పమని అడిగారు. బూదపురం అంటే ఇప్పటి భూత్పూరు. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక వేయించిన శాసనం ఉన్న ఊరు. ఆమెని తెలుగులో తొలి కవయిత్రి అనేవాళ్లున్నారు. అలాంటి రాయి గురించిన ఉత్తరం, కానీ తేదీ లేదు. ఇంట్లో పిల్లలెవరో స్టాంపు కోసం మూల చింపేశారు. పోస్టు ముద్ర దాంతోనే పోయింది.

దాన్ని ‘చదువు కాయితం’ అని విడిగా ఏరి ఫైల్లో పెట్టి ఉంటే కథ అక్కడితో ఆగేది. కానీ అది తీగ మీద ఉంది. దాని కింద ఆముదాల బస్తాల బిల్టీ నకలు, దై నెల 12, 1347 ఫసలీ. దాని పైన గోనె సంచుల ధర గురించి బొంబాయి తంతి, మూడు రోజుల తర్వాతది. అంటే కార్డు చేరింది 1937 నవంబరు నడుమ, ఈశ్వర సంవత్సరం కార్తీకంలో.

అక్కడితో అయిపోలేదు. ఇంకో పది కాగితాల పైన ఒక తూకం చీటీ. భూత్పూరు రైతుది, బస్తాల లెక్క, హమాలీ, దలాలీ, అన్నీ ఊదా పెన్సిల్‌తో. విద్యార్థుల్లో ఒకమ్మాయి దాన్ని నంబరు వేయడానికి తిప్పింది. వెనకవైపు నల్ల సిరాతో సన్నని గుండ్రటి అక్షరాలు. పండితుడికి రాయబోయే జవాబుకి చిత్తు. పైన శాసనంలోని పంక్తిని పాత లిపిలో ఉన్నట్టే గీశారు. అనుమానం ఉన్న అక్షరం చుట్టూ చిన్న సున్నా చుట్టి, పక్కన ఆ అక్షరం ఎంత మేర పెచ్చు లేచిందో, ఏ గీత మిగిలిందో రాశారు. రెండు చోట్ల కొట్టేసి మళ్లీ రాశారు. చీటీ అంచుకి ఆముదపు జిడ్డు మరక, వెలుతురుకి పెట్టి చూస్తే అద్దంలా మెరిసింది.

ఆయన శాసనం చూడ్డానికని బండి కట్టించుకుని పోలేదు. సరుకు తూయించడానికి పోయారు. బస్తాలు కాంటా ఎక్కుతుండగానో, తర్వాతో గుడి దగ్గరికి పోయి రాయి చూశారు. చేతిలో ఉన్న చీటీ వెనకే రాసుకున్నారు. హైదరాబాద్‌కి పోయిన అసలు జవాబు ఎక్కడుందో, ఉందో లేదో ఎవరు చెప్పగలరు? మన దగ్గర మిగిలింది ఈ చిత్తు ఒక్కటే. అది ఉన్నది దుకాణం కాగితం వెనక.

మనవడిని పిలిచి చూపించాను. చీటీ ముందువైపు చూసి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పి చాలాసేపు ఏం మాట్లాడలేదు. “ఈ రైతు వాళ్లు మాకు ఇప్పటికీ తెలుసు సార్” అన్నాడు చివరికి.

ఆ రోజు నుంచి ప్రతి కాగితం రెండు వైపులా చూసి, ఖాళీగా ఉన్నా రెండు వైపులా స్కాన్ చేస్తున్నాం.

ఆగస్టు

ముసురు. తేమ మీటరు 80 దాటింది. తీగలు విప్పే పని ఆపేశాం. విప్పినవన్నీ ఆమ్లం లేని కాగితపు కవర్లలో, అట్ట పెట్టెల్లో పెట్టి, నేలకి జానెడు ఎత్తున ఇనుప ర్యాకుల మీదికి ఎక్కించాం. గోడకి ఆనించకుండా. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. సిలికా జెల్ పొట్లాలు రంగు మారగానే వేయించి మళ్లీ వాడుతున్నాం. కరెంటు పోయిన రాత్రులు టెన్షనే. రెండు కట్టల్లో బూజు మళ్లీ మొలిచింది. వెంటనే వేరు గదికి మార్చి ఆరబెట్టాం.

ఈ రోజుల్లో ఇప్పటిదాకా పట్టికకెక్కినవి కూర్చుని చదివాను. ఆయన లోకం ఎంత పెద్దదో అర్థమవుతోంది. గంగాపురం చెన్నకేశవాలయం శాసనాలు, ఆల్వాన్‌పల్లి దగ్గర ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి, ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు, వడ్డెమాను. జడ్చర్ల నుంచి ఆలంపురం రోడ్డు స్టేషన్ దాకా రైలు, అక్కడి నుంచి బండి. కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చేసింది. ఆ పుస్తకం ఎప్పుడు చేతికొస్తుందని ఈయన అడిగి ఉంటారు, దానికొచ్చిన జవాబు కార్డు ఒకటుంది. 1953లో ఆలంపురంలో జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభల ఆహ్వానం, దాని వెనక పల్లికాయ బస్తాల కూడికలు.

1948 నడుమ నెలల్లో తీగ పలచబడింది. బొంబాయి తంతులు ఆగిపోయాయి. శాసనాల ఉత్తరాలూ ఆగిపోయాయి. సర్వధారి సంవత్సరం చివర్లో (1949 మొదట్లో) మళ్లీ ఒక కార్డు వస్తుంది, క్షేమమేనా అని రెండు వరసలు. ఆ తర్వాతే సరుకు మాట.

ఆ తరం పండితులకీ, ఊళ్లలో ఉన్న ఇలాంటివాళ్లకీ మధ్య పోస్టే దారి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో సంచిక తెచ్చి జవాబు చెప్పారు. ఊరూరి నుంచి వచ్చిన కాగితాలు లేకుండా అంతటి పని జరిగేదా? ఆ కాగితాలకి రెండో కొస పల్లెల్లో, అటకల మీద, తీగలకి వేలాడుతూ ఉంటుంది. అందుకే ఒక్క ఇల్లు కూడా వదులుకోబుద్ధి కాదు నాకు.

సెప్టెంబరు

స్కానింగ్. కాగితాన్ని తనంతట లాక్కునే స్కానర్లు వద్దు, ఫ్లాట్‌బెడ్ మీదే. మామూలు ఉత్తరాలకి 400, సన్న రాతకి, పోస్టు ముద్రలకి 600 పీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు). అసలు ఫైలు టిఫ్‌లో, చదువుకోవడానికి జేపెగ్. మూడు ప్రతులు: ఇంటివాళ్ల దగ్గరొకటి, కాలేజీలో ఒకటి, ఊరి బయట వేరేచోట ఒకటి. మసిప్రతులు స్కానర్‌కి పట్టవు. వాటిని మడతల నుంచి తప్పించి వెడల్పాటి గొట్టాలకి చుట్టాం. పైన రెండు దీపాలు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో పెట్టి కెమెరాతో తీస్తున్నాం. ఇస్త్రీ చేస్తే తొందరగా చదునవుతుందని ఒకరు సలహా ఇచ్చారు. అక్షరం రాతిలో దిగినంత లోతున కాగితం కూడా ఉబ్బి ఉంటుంది. ఇస్త్రీ ఆ ఉబ్బుని చంపేస్తుంది.

నెట్‌లో ఎప్పుడు పెడతారని విద్యార్థులు తొందరపడుతున్నారు. అంత సులువు కాదు. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లది. అందులోని రచన మీద హక్కు రాసినవాళ్లది, వాళ్లు పోయాక వారసులది. 1957 కాపీరైట్ చట్టం చెప్పేది అదే. పండితుల వారసుల్లో కొందరితో మాట్లాడుతున్నాం. ప్రామిసరీ నోట్లు, తాకట్టు చీటీలు స్కాన్ చేస్తాం గానీ బయటపెట్టం. ఎవరి తాత ఎంతకి పొలం కుదువ పెట్టాడో ఊరంతా చదవక్కర్లేదు. వాటి స్థానంలో పట్టికలో వరస నంబరు, తేదీ, ‘మూసి ఉంచినది’ అన్న మాట మాత్రం ఉంటాయి. కాబట్టి తీగ వరస తెగదు.

అక్టోబరు, దసరా ముందు

గడువు దగ్గరపడుతుంటే ఖాతా పుస్తకాలు తెరిచాం. అన్నిటికంటే ఎక్కువ బరువు వాటిదే. కాబట్టి తూకంలో ఎక్కువ ధర కూడా వాటికే. మనవడి కన్ను మొదటి నుంచీ వాటి మీదే ఉంది, దాచుకోలేదు ఆయన.

పట్వారి పెద్దనాయిన ఆవర్జాలో ఒక పుట దగ్గర ఆగారు. తలకట్టు: ధర్మం ఖాతా. పాత ఆడతి దుకాణాల్లో బస్తాకి ఇంతని ధర్మం కింద పక్కన పెట్టేవాళ్లు. గుడికి, చలివేంద్రానికి, సత్రానికి ఆ డబ్బు పోయేది. ఈ పుటలో జమ వైపు బస్తాల వరస. ఖర్చు వైపు చదివించుకుంటూ పోయాం. చలివేంద్రం కుండలు. బడి పిల్లల పలకలు. గ్రంథాలయానికి పుస్తకాల అల్మారా. గోలకొండ పత్రిక చందా. తర్వాత, అక్షరాలా ఇలాగే: మసిప్రతులకు కాగితం, దీపపు మసి, కుంచె. ఆలంపురం రైలు ఖర్చు. పోస్టు ఖర్చు.

శాసనాలకి డబ్బెక్కడిదని మాకు మార్చి నుంచీ ఉన్న ప్రశ్న. జవాబు చదువు ఉత్తరాల్లో ఒక్కచోట కూడా లేదు. తెచ్చిన ప్రతి బస్తా మీదా రైతులు వదులుకున్న కాణీ పరకలతో ఆ కాగితం కొన్నారు, ఆ రైలు ఎక్కారు. భూత్పూరు రైతు ఆముదాల బస్తా కూడా ఆ జమలో ఉంది, మూడో తీగ చీటీలో ఉన్న అదే లెక్కతో. రెండూ పక్కపక్కన పెట్టి, మనవడిని, అవ్వని కూర్చోబెట్టి చదివి వినిపించాం.

అవ్వ చూపు ఆనదు. పుస్తకం అట్ట మీద చెయ్యేసి, “మామ దసరాకు పసుపు కుంకుమ పెట్టి తెరిచేటోడు” అంది. తర్వాత మనవడి వైపు తిరిగి, “తూకానికేసేదేం లేదు” అని తేల్చేసింది.

మనవడు ఒప్పుకున్నాడు, కానీ తన షరతులు తాను పెట్టాడు. అవి నాకూ నచ్చాయి. అసలు కాగితాలన్నీ ఒకేచోట ఉండాలి, ఎవరికీ విడివిడిగా ఇవ్వకూడదు. ఇల్లు మరమ్మతయ్యాక ముందు గదిలో ఒక అల్మారా వాటికే. ఆ తర్వాత తన పిల్లలు చూసుకోలేమంటే, అప్పుడు మొత్తంగా హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ సంస్థకి (స్టేట్ ఆర్కైవ్స్). ఇదంతా కాగితం మీద రాసి ముగ్గురు సాక్షులతో సంతకాలు చేయించాం. ఇంటి పని మేస్త్రీ చేతికి పోయేలోపు పెట్టెలన్నీ కాలేజీ గదికి చేరతాయి.

మిగిలిన పని: తొమ్మిది, పది, పదకొండు తీగలు విప్పాలి. ఎర్ర పుస్తకాలకి కుట్లు తెగినచోట దారం మార్చాలి, అట్ట మార్చకూడదు. మహాజనీ ఉత్తరాలు చదివేవాళ్లు కావాలి. పాత మార్వాడీ దుకాణాల్లో గుమస్తాగా చేసి ఆ రాత తెలిసిన పెద్దవాళ్లు పాలమూరు, నారాయణపేట వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. వాళ్ల ఇంటికే స్కాన్లు పట్టుకుని వస్తాం.